బోర్లాపడ్డ పెంగ్విన్

మా ఆవిడ నవ్వించేటప్పుడు తను నవ్వదు. మొహంలో ఏ మార్పూ ఉండదు, చేతిలో కలం రాసుకుపోతూనే ఉంటుంది, విన్నవాడు మాత్రం కడుపు పట్టుకుని కూర్చుంటాడు. లిఫ్టుల కంపెనీలో ఆమెది ఫిర్యాదుల గది. గది అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు ఫోన్లు, ఒక కంప్యూటరు, చక్రం ఊడిన కుర్చీ, కిటికీ తెరిస్తే పక్క మేడ వెనకవైపు పైపులు. ఊళ్లో ఎక్కడ లిఫ్టు ఆగినా ముందు ఆ గదిలో ఫోన్ మోగుతుంది. అవతల ఎంత కేకలు పెడుతున్నా ఆమె నిదానంగా వివరాలు రాసుకుని, మాలాంటి మెకానిక్కులకు మెసేజ్ పంపుతుంది. స్థలం, సమస్య, లోపల ఎవరు. మూడే గళ్లు. కంపెనీలో అందరూ ఆమెను మేడమ్ అంటారు. పెళ్లయ్యాక కూడా నేను ఆ పిలుపు మార్చలేదు.

ఇది ఆమె గురించి రాస్తున్నది. నేనూ వస్తాను, కానీ నా పాత్ర ఏమంత గొప్పది కాదు. ఈ కథలో వెధవను నేనే. ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి.

ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడట. ఆ వీధి మొత్తానికి ఫోన్ ఉన్నది ఆ కొట్లోనే. ఎవరికి ఫోన్ వచ్చినా పరుగెత్తుకెళ్లి చెప్పే పని ఈమెది. ఎనిమిదేళ్ల పిల్ల. ఉద్యోగాలు వచ్చినవీ, పిల్లలు పుట్టినవీ, ఆస్పత్రిలో మనిషి పోయినవీ అన్నీ ఆ పిల్ల నోటితోనే ఇళ్లకు చేరేవి. ఒకసారి అడిగాను, చెడ్డ కబురైతే ఎలా చెప్పేదానివని.

"మంచి కబురైతే వీధిలోంచే అరిచేదాన్ని. చెడ్డదైతే అరవను. లోపలికెళ్లి, ముందు కూర్చోండి అనేదాన్ని. కూర్చున్నాక చెప్పేదాన్ని. అంతే."

"భయం వేసేది కాదా?"

"వేసేది. అందుకే దార్లో ఏదో ఒక జోకు తల్చుకుంటూ వెళ్లేదాన్ని. చెప్పేటప్పుడు మాత్రం జోకు ఉండకూడదు. అది వేరే లెక్క."

ఈ తేడా ఆమెకు ఎనిమిదేళ్లప్పుడే తెలుసు. నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చినా తెలియలేదు.

నేను మాటల మనిషిని కాను. లిఫ్టు గొయ్యిలోకి దిగి గంటలు గంటలు పనిచేయమంటే చేస్తాను కానీ, నలుగురిలో నోరు విప్పమంటే నీళ్లు నములుతాను. ఆమె పంపే ఫిర్యాదులకు మొదటి ఏడాదంతా 'సరే' అన్న ఒక్క ముక్కే జవాబు రాశాను. ఒకరోజు ఆమె నుంచి ఇలా వచ్చింది. స్థలం: తొమ్మిదంతస్తుల మేడ. సమస్య: నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగింది. లోపల: ఒక లాయరు, ఇరవై ఏళ్లుగా ఆయనతో మాటల్లేని తమ్ముడు. తొందరేం లేదు, ఇప్పుడే మాట్లాడుకోవడం మొదలెట్టారు.

రోడ్డు పక్కన బండి ఆపుకుని నవ్వాను. ఏదో ఒకటి తిరిగి రాయాలనిపించింది, చేతకాలేదు. ఫోన్‌లో వెతికితే గొట్టంలో ఇరుక్కుని కూడా దర్జాగా చూస్తున్న పిల్లి బొమ్మ దొరికింది. కింద 'దారిలో ఉన్నాను' అని రాసి ఉంది. పంపాను. ఆమె వెంటనే ఇంకో బొమ్మ పంపింది. అదీ మొదలు.

అప్పట్నుంచి మీమ్‌లే మా మాటలు. ఎవడో ఎక్కడో కూర్చుని తయారుచేసిన బొమ్మ, దాని కింద రెండు ముక్కలు. నేను చెప్పలేక గింజుకునేదంతా వాడు నా బదులు చెప్పేసేవాడు. వాడెవడో తెలిస్తే కాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ణి. నిన్ను చూడాలనుంది అనడానికి కిటికీకి ముక్కు ఆనించిన కుక్క. కోపమొచ్చింది అనడానికి బుగ్గలు ఉబ్బించిన చంటిపిల్లాడు. చివరికి పెళ్లి చేసుకుందామా అన్న మాట కూడా నా నోటితో రాలేదు. ఒకే తొట్టిలో రెండు ముసలి తాబేళ్లు, 'ఇంకో అరవై ఏళ్లు ఇలాగే' అన్న బొమ్మ పంపి ఫోన్ బోర్లా పెట్టేశాను. పావుగంట తర్వాత ధైర్యం చేసి తిప్పి చూస్తే జవాబు వచ్చి ఉంది. సమస్య: పెళ్లి. లోపల: ఇద్దరు. తలుపు తెరవక్కర్లేదు.

"ఇంతకీ ఆ అబ్బాయి మాట్లాడతాడా అసలు?" అని మా అత్తగారు అడిగితే, "మాట్లాడతాడమ్మా, ఫోన్‌లో," అందట ఈమె.

పెళ్లయ్యాక ఆట ముదిరింది. పేరు దొంగ ఫిర్యాదు. నేను పనిలో ఉండగా ఆమె నుంచి వచ్చేది. స్థలం: వంటిల్లు. సమస్య: పొగ. లోపల: పాలు, బతికే ఆశ లేదు. ఒక్కోసారి స్నానాల గదిలో వరద, ఒక్కోసారి బీరువాలో దొంగ. ఆ దొంగ తీరా చూస్తే బొద్దింక. ఎంత పెద్ద ఆపద రాస్తే అంత మంచి బొమ్మ నేను తిరిగి పంపాలి, అదీ నియమం. పోట్లాడుకున్నా అంతే. ఎవరు ముందు బొమ్మ పంపితే వాళ్లు తగ్గినట్టు. మా ఇంట్లో తప్పయిపోయింది అన్న మాట ఎవరూ అనలేదు, అవసరమే రాలేదు. ఆ సంగతి స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒకసారి మాత్రం ఆమె, "అప్పుడప్పుడు నోటితో కూడా చెప్పొచ్చు, పన్నేం వెయ్యరు," అంది. దానికీ నేను బొమ్మే పంపాను. పక్కనే కూర్చుని ఉంది, మంచం అటు చివర.

కిందటేడు ఆమెకు నాలుగో నెల. కడుపులో బిడ్డను మేమిద్దరం 'లోపలివారు' అనేవాళ్లం. లోపలివారికి పులుపు కావాలట, లోపలివారికి మీ అత్తయ్య గొంతు నచ్చలేదట, ఇలాగే. ఆ ఉదయం స్కాన్ ఉంది. నేను సెలవు పెట్టాలి. ఒక ఆఫీసు మేడలో లిఫ్టు తలుపులు మూసుకోవడం లేదని పెద్ద గొడవ అయితే, "నువ్వెళ్లు, అమ్మా చెల్లీ వస్తారు, మామూలు చూపించుకోవడమేగా," అంది. వెళ్లాను.

లిఫ్టు పెట్టె నెత్తి మీదకెక్కి తలుపు తాళం సరిచేస్తున్నాను. నా జతగాడు అన్నిటికంటే పైన మోటారు గదిలో ఉన్నాడు. పెట్టె మీద మనిషి ఉన్నప్పుడు ఆ మనిషి చెప్పేదాకా పైనున్నవాడు ఏదీ కదపకూడదు. ఫోన్ మోగలేదు, మెసేజ్ వచ్చింది. అందులో స్థలం లేదు, సమస్య లేదు. 'ఎక్కడున్నావు? కూర్చుని చదువు,' అని ఉంది. నేను కూర్చున్నాను. ఆ ఇనప రేకు మీద, గ్రీజు డబ్బా పక్కన. రెండోది వచ్చింది. 'బిడ్డ గుండె కొట్టుకోవడం లేదంటున్నారు. రెండు వారాలైంది అంటున్నారు. రా.'

చదివాను. మొత్తం చదివాను. అర్థమైంది కూడా. ఇది ఆట కాదని కూర్చోమన్న మాట దగ్గరే తెలిసిపోయింది. మా ఆవిడ ఆటలో ఎవర్నీ కూర్చోమనదు. ఇక్కడ మీకు అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు, చెప్పాల్సినవాళ్లందరికీ ఎలాగూ చెప్పేశాను.

అప్పుడు నేను చేసిన పని, ఫోన్‌లో దాచుకున్న బొమ్మల సంచీ తెరవడం. ఎందుకు తెరిచానంటే నా దగ్గర చెప్పగలిగే మాట ఒక్కటీ లేదు కాబట్టి. ఒక్కొక్కటీ దాటిస్తున్నాను. గెంతుతున్న కప్ప, కాదు. కళ్లనీళ్లు పెట్టుకున్న కుక్కపిల్ల దగ్గర ఆగి, ఇది మరీ ఏడుపుగా ఉందేమో అనిపించి దాటేశాను. పైనుంచి జతగాడు, "ఏరా, ఉన్నావా? దించనా?" అని అరిచాడు. "ఉన్నా, ఒక్క నిమిషం," అన్నాను. చివరికి మంచు మీద బోర్లాపడ్డ పెంగ్విన్ దొరికింది. రెండు రెక్కలూ చాచేసి, మొహం నేలకానించి పడి ఉంటుంది. కింద 'సేవలో అంతరాయానికి చింతిస్తున్నాము' అని రాసి ఉంది. చింతిస్తున్నాము అన్న మాట ఉంది కదా, ఇది పరవాలేదు అనుకున్నాను. పంపాను.

పంపిన మరుక్షణం తీసేద్దామని చూస్తే అప్పటికే ఆమె చూసేసింది.

నలభై నిమిషాల్లో ఆస్పత్రికి చేరాను. చేతులకు గ్రీజు కూడా కడుక్కోలేదు. నాలుగు మంచాల గది, ఆమెది తలుపు పక్కన. అత్తగారు మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. మా మరదలు నన్ను చూడగానే లేచి, అక్క ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

"ఏంటి బావా ఇది?"

పెంగ్విన్ పడి ఉంది. పక్క మంచం ఆవిడ కూడా తల తిప్పి చూసింది.

"ఆటనుకున్నాడే," అంది మంచం మీంచి మా ఆవిడ. గొంతు చాలా మామూలుగా ఉంది. "మేమెప్పుడూ అలాగే ఆడుకుంటాం. ఆటనుకుని పంపాడు."

గోతిలో పడ్డవాడికి చెయ్యి అందినట్టయింది. గబుక్కున పట్టేసుకున్నాను. "అవును, ఆటే అనుకున్నా. పూర్తిగా చదవలేదు," అన్నాను. ఆమె ఒకసారి నావైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రెండు ముక్కలూ మా ఇంట్లో కథ అయి కూర్చున్నాయి. ఎవరు అడిగినా అదే. పాపం, చదవకుండా పంపేశాడు. నా ఎదురుగానే చెప్పుకునేవాళ్లు, నేను తల ఊపేవాణ్ణి. మొదట్లో ఊపినప్పుడల్లా చెవులు కాలిపోయేవి. ఒక నెల గడిచాక మెడ దానంతటదే ఊగడం మొదలుపెట్టింది, అది ఇంకా సిగ్గుచేటు.

ఆమె మళ్లీ ఫిర్యాదుల గదికి వెళ్తోంది. అదే కుర్చీ, అవే ఫోన్లు. మెకానిక్కులందరికీ పంపినట్టే నాకూ మెసేజ్‌లు వస్తున్నాయి. స్థలం, సమస్య, లోపల ఎవరు. లోపల ఎవరు అన్న గడిలో ఇప్పుడు అంకె మాత్రమే ఉంటోంది. నలుగురు, ఇద్దరు, ఎవరూ లేరు. లాయర్లూ లేరు, తమ్ముళ్లూ లేరు. ఇంట్లో నాతో బాగానే ఉంటుంది. భోజనం పెడుతుంది, బట్టలు మడతపెడుతూ టీవీ చూస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. నేనొకసారి ఉండబట్టలేక గొడుగు కింద నిలబడ్డ బాతు బొమ్మ పంపాను. బొటనవేలు గుర్తు ఒకటి తిరిగొచ్చింది. మళ్లీ పంపడానికి నాకు మొహం చెల్లలేదు.

నిజం చెప్పేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె జాలిపడి నన్ను క్షమించింది, ఆ క్షమ అబద్ధం మీద నిలబడి ఉంది, దాన్ని లాగేస్తే ఏం మిగులుతుందోనని భయం. అలా ఎనిమిది నెలలు లాక్కొచ్చాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనం. నలుగురమే. మాటల్లో మా మరదలు, ఆఫీసులో ఎవరో ఫోన్ చూసుకుంటూ మెట్ల మీంచి పడ్డ సంగతి చెప్పి, "మన బావ కంటే నయం," అని నాలిక కరుచుకుంది.

"పోనీలేవే," అంది అత్తగారు. "తెలిసి చేశాడా ఏంటి? తెలిసి ఏ మనిషైనా అలాంటిది పంపుతాడా?"

"అది కాదమ్మా, ఇంకొకళ్లయితే ఊరుకునేవాళ్లు కాదు అంటున్నా. అక్క కాబట్టి సరిపోయింది."

మా ఆవిడ చెయ్యి ఆపి, మెల్లగా అంది. "తప్పు నాదేనే. అబద్ధపు ఆపదలు రాయడం మొదలెట్టింది నేను. రోజూ అవి చదివీ చదివీ, నిజంగా వచ్చినప్పుడు తను నమ్మకపోతే అది తన తప్పెలా అవుతుంది?"

అత్తగారు పమిట కొంగుతో కళ్లు తుడుచుకుంది. మరదలు అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఎనిమిదేళ్ల వయసు నుంచి కబుర్లు చెప్పడంలో ఒక్క తప్పు చేయని మనిషి, నా తప్పును తన కంచంలో వేసుకుంటోంది. నోరు తెరవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. తెరిచాను.

"కొంచెం మంచినీళ్లు ఇలా ఇస్తారా?" అన్నాను.

సాయంత్రం ఇద్దరం ఇంటికి తిరిగొచ్చాం. మేముండేది నాలుగో అంతస్తు, ఆ మేడకు లిఫ్టు లేదు. లిఫ్టు మెకానిక్కు రోజూ మెట్లెక్కడం మీద మా ఫోన్లలో ఓ యాభై బొమ్మలైనా ఉంటాయి. రెండో అంతస్తు మలుపులో ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, చేతిలో సంచి నేల మీద పెట్టింది. వాళ్లమ్మ ఇచ్చిన డబ్బాలు అందులో ఉన్నాయి. కింద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"మేడమ్, నేను ఆ రోజు చదివాను," అన్నాను. "రెండు మెసేజ్‌లూ మొత్తం చదివాను. ఆటనుకోలేదు. తెలిసే పంపాను."

ఆమె గోడకు ఆనుకుంది. "తెలుసు," అంది.

నాకు అర్థం కాలేదు.

"పదకొండు గంటలా పన్నెండు నిమిషాలకి నువ్వు చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. బొమ్మ వచ్చింది పదకొండూ పదహారుకి. మధ్యలో టైప్ చేస్తున్నావని ఒక్కసారి కూడా చూపించలేదు. నేను స్క్రీన్ మీంచి కళ్లు తియ్యలేదు. నాలుగు నిమిషాలు ఏం చేశావు?"

"వెతికాను."

"ఏరావా?"

"ఊఁ."

"మరి అదే ఎందుకు?"

"చింతిస్తున్నాము అని ఉంది కదా అని..."

ఆమె నావైపు అలాగే చూసింది. ఒక్క క్షణం నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. నాకు ఆ మెట్ల మీదే భూమిలోకి కూరుకుపోతే బాగుండనిపించింది.

"మరి ఆటనుకున్నాడని వాళ్లకెందుకు చెప్పావు?"

"తలుపు దగ్గర నీ మొహం చూశాను. నిలబడలేకపోతున్నావు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇద్దామనిపించింది. సాయంత్రానికి నువ్వే నా పక్కన కూర్చుని అసలు సంగతి చెప్తావనుకున్నా. పూర్తిగా చదవలేదన్నది మాత్రం నేను చెప్పలేదు, నువ్వే కలిపావు."

"ఇవాళ తప్పు నీదే అన్నావు..."

"నువ్వు అడ్డుపడి నిజం చెప్తావేమో చూద్దామని," అంది. "మంచినీళ్లడిగావు."

కింద బట్టల చప్పుడు ఆగిపోయింది. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆమె కూర్చోలేదు.

"భయమేస్తోంది అని ఒక్క ముక్క రాయాల్సింది," అంది. "నేను ఎదురుచూసింది దానికోసమే. నువ్వొచ్చి ఏం చెయ్యగలవని కాదు. ఆ రోజంతా నాకొక్కదానికే భయంగా ఉంది కాబోలు అనుకున్నా."

"భయమేసింది మేడమ్," అన్నాను. "చచ్చేంత భయమేసింది." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత ఏడ్చాను. ఆమె ఆపలేదు, ఓదార్చలేదు, ముగిసేదాకా అక్కడే నిలబడింది.

తర్వాత సంచి తీసి నా చేతికిచ్చి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"అమ్మావాళ్లింటికి."

"ఇప్పుడా? వచ్చే ఆదివారం..."

"ఇప్పుడే."

వెనకాలే దిగాను. వాళ్లమ్మ ఎదురుగా, వాళ్ల చెల్లి ఎదురుగా నిలబడి నోరు తెరవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట ముందు చెప్పాలో ఎంత వెతికినా తట్టలేదు.

"ఏమని చెప్పను?" అన్నాను.

ఆమె ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

"చదివానని చెప్పు," అంది.